రాలిపోయిన ‘ట’

నేను మొదట చదివిన డిటెక్టివ్ నవలకు అట్ట లేదు. కాబట్టి దాని పేరు తెలీదు, రాసిందెవరో తెలీదు. తొమ్మిదో పేజీ అంచున మాత్రం పెన్సిల్‌తో రెండు మాటలు రాసి ఉన్నాయి: ‘చంపింది డాక్టరే’. ఏ పుస్తకం చేతికొచ్చినా చివరి పేజీ ముందు తిప్పి చూసే పాడలవాటు ఉండేది నాకప్పట్లో. ఆ ఒక్కసారి చూడలేదు. హంతకుణ్ణి తెచ్చి చేతిలో పెట్టాక ఇంక చూడ్డం దేనికి?

ఆ తర్వాత నూట యాభై పేజీలు డాక్టరు వెంటే తిరిగాను. డాక్టరు కాఫీ వద్దన్నాడు. ఎందుకు వద్దన్నాడు? డాక్టరు చేతులు కడుక్కున్నాడు. అదిగో! నూట ఇరవయ్యో పేజీ దాటాక ఆ డాక్టరే శవమై దొరికాడు. అయినా నేను వెనక్కి తగ్గలేదు, చచ్చినట్టు నటిస్తున్నాడనుకున్నాను. ఆఖరికి సంకెళ్లు పడింది ఇంకెవరికో. పుస్తకం మూసి, మళ్లీ తొమ్మిదో పేజీ తెరిచి, ఆ గీతల్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. నవల రాసినాయన నన్ను మోసగిస్తే మురిసిపోయేవాణ్ణి, దానికేగా చదివేది. నన్ను మోసగించింది అంచున రాసిన మనిషి. ఆ రెండు మాటల్ని నేనెందుకంత గుడ్డిగా నమ్మానన్నదే ఈ అధ్యాయం.

అది 1978. దాదర్ తూర్పున నాయ్‌గావ్ బీడీడీ చాళ్లు. 1920లలో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టించింది కాబట్టి ఆ పేరు. అంతస్తుకు ఇరవై గదులు, గదికి 160 చదరపు అడుగులు, మా గదిలో ఏడుగురం. ఏకాంతంగా చదువుకోవాలంటే నడవా తప్ప గతి లేదు. ఆ నడవాలోనే నా పుస్తకాల గురువు ఉండేవారు.

మాకు నాలుగు గదుల అవతల కాపురం. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబం. మిల్లులో వైండింగ్ ఖాతాలో పని. రాత్రిపాళీ ఏనాడూ పడేది కాదు, అందుకని సాయంత్రాలు తీరిక దొరికేది. బాల్దీల వరస పక్కన గోడకు చేరగిలబడి, జారే కళ్లజోడును వేలితో పైకి తోసుకుంటూ చదివేవారు. ఎవరికి ఊరి నుంచి ఉత్తరం వచ్చినా చదివిపెట్టేవారు, మనియార్డరు ఫారాలు నింపేవారు, భిశీ పద్దులు రాసే పొట్టి పెన్సిల్‌తోనే మా ఎక్కాలు దిద్దేవారు, గణపతి చందా దగ్గర తగువొస్తే తీర్చేవారు. చివరి పేజీ ముందు చూస్తానని నన్ను తిట్టినన్ని తిట్లు ఇంకెవర్నీ తిట్టి ఉండరు. ఆ అట్టలేని పుస్తకం వారిచ్చిందే.

బొంబాయికి తెలుగు అచ్చు కొత్తేం కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా మొదలుపెట్టింది ఈ ఊళ్లోనే. అది మద్రాసు వెళ్లి దినపత్రిక అయింది 1914లో. అంతకు ఎంతో ముందే, 19వ శతాబ్దంలో, కామాఠీపురా తెలుగు కాంట్రాక్టర్లు రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడి లింగు ఇద్దరూ జోతిరావు ఫూలే సత్యశోధక ఉద్యమానికి వెన్నుదన్నుగా నిలిచారు. సత్యశోధనకూ అపరాధ పరిశోధనకూ ఏదో చుట్టరికం ఉందని నాకెప్పుడూ అనిపిస్తుంది. మా చాళ్లో మాత్రం రెండోదానికే గిరాకీ. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు సెలవుకెళ్లొచ్చిన వాళ్ల సంచుల్లో, పచ్చడి జాడీల పక్కన, నూనె మరకలతో దాదర్ స్టేషన్లో దిగేవారు. అక్కణ్ణుంచి గది గదికీ చేతులు మారేవారు. అట్టలు ఊడేది ఆ ప్రయాణంలోనే.

ఆ నవలల్లో ప్రశ్న ఒకటే: ఎవరు చేశారు? ఇవాళ సైకలాజికల్ థ్రిల్లర్ అంటున్న దాంట్లో ప్రశ్న అది కాదు. నాకీ కథ చెబుతున్నదెవరు, వాళ్ల మాట నేనెందుకు నమ్ముతున్నాను అన్నది. ఆ ప్రశ్న చివరి పేజీ దాకా మనకు తట్టకపోతేనే ఆ పుస్తకం పని చేసినట్టు.

విలియం బ్రూవర్, ఎడ్వర్డ్ లిక్టెన్‌స్టయిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1982లో, కథ మనలో పుట్టించే కదలికను మూడుగా విడదీశారు. ఏం జరగబోతోందోనన్న ఉత్కంఠ. ఏం జరిగి ఉంటుందోనన్న కుతూహలం. మూడోది ఆశ్చర్యం. మొదటి రెండింట్లో మనకేం తెలీదో మనకు తెలుసు. మూడోదానికి, మనకు తెలీని సంగతి ఒకటుందన్న సంగతే తెలీకూడదు. ఏడు చేపల కథ తీసుకోండి. చేప ఎందుకు ఎండలేదన్నది కుతూహలం. నేరం గడ్డిమేటు మీంచి ఆవు మీదికి, ఆవు మీంచి గొల్లవాడి మీదికి చేతులు మారుతూ పోయి చీమ దగ్గర ఆగుతుంది. పసివాడికి కూడా అందులో ఆశ్చర్యం ఉండదు, వరస మొదలైతే ఎక్కడో ఆగాలి కదా. అదే కథలో, చేపల్ని ఎండబెట్టామని చెప్పిన రాజకొడుకు ఏడో చేపను అసలు ఎండలోనే పెట్టలేదని చివర్లో తేలిందనుకోండి. ఏడు చేపల కథ కాస్తా సైకలాజికల్ థ్రిల్లర్ అయిపోతుంది. ఎందుకంటే ఆవునూ చీమనూ నిలదీశాం గానీ, మొదటి వాక్యాన్ని ఎవరమూ నిలదీయలేదు.

ఇప్పుడో చిన్న పరీక్ష. ఆగకుండా జవాబు చెప్పండి. కురుసభలోకి ద్రౌపదిని జుట్టుపట్టి ఈడ్చుకొచ్చిన దుర్యోధనుడి రొమ్ము చీల్చి భీముడు నెత్తురు తాగింది యుద్ధంలో ఎన్నో రోజున?

పదిహేడో రోజు అని మనసులో అనుకున్నవాళ్లు కొందరైనా ఉంటారు. గుర్తు రాక వేళ్లు లెక్కపెట్టినవాళ్లు ఇంకొందరు. రోజు పదిహేడే. కానీ ఈడ్చుకొచ్చింది దుశ్శాసనుడు, రొమ్ము చీలిందీ వాడిదే. ఆ సంగతి తెలీని తెలుగువాళ్లు అరుదు, సినిమాల్లోనే ఎన్నిసార్లు చూశాం! ఇలాంటి ప్రశ్నతోనే 1981లో థామస్ ఎరిక్సన్, మార్క్ మాట్సన్ ప్రయోగం చేశారు. బైబిలు కథలోని ఓడలోకి మోషే ఒక్కో రకం జంతువుల్ని ఎన్నేసి ఎక్కించాడని అడిగితే, ఓడ నోవాదని బాగా తెలిసినవాళ్లు కూడా తడుముకోకుండా రెండేసి అన్నారు. ‘మోషే భ్రమ’ అని దానికి పేరు పడింది. తప్పుడు పేరు సరైన పేరుకు దగ్గరి చుట్టమై ఉండాలి. దుర్యోధనుడి బదులు ధర్మరాజు అని రాసి ఉంటే మీరు అక్కడే ఆగేవారు.

భ్రమకు రెండో కారణం వాక్యంలోనే ఉంది. ప్రశ్న ‘ఎన్నో రోజున’ అన్న చోట ఉంది. దుర్యోధనుడు ఆ ప్రశ్నకు దారిలో తగిలే మనిషి మాత్రమే. మన బుద్ధి వాక్యంలో అడుగుతున్న చోట దీపం పట్టుకుంటుంది, దారిలో ఉన్నదాన్ని ‘ఊఁ, తెలిసిందే’ అని దాటేస్తుంది. గ్లాస్గోలో ఆంథొనీ శాన్‌ఫర్డ్, ఆయన సహచరులు ఒకే చిన్న పేరాను రెండుసార్లు చదివించి, రెండోసారి ఒక్క మాట మార్చి చూశారు. దృష్టి నిలిచిన చోట మార్పును పాఠకులు పట్టుకున్నారు. దృష్టి లేని చోట, కొత్త మాట పాతదానికి అర్థంలో దగ్గరగా ఉంటే, చాలాసార్లు జారవిడిచారు. తర్వాత శాన్‌ఫర్డ్, కేథరిన్ ఎమట్ కలిసి డిటెక్టివ్ రచయితలు ఆధారాల్ని ఎలా పూడ్చిపెడతారో వివరించారు. నిజాన్ని దాచనక్కర్లేదు. ఉపవాక్యంలోనో, పనుల జాబితా నడుమనో, మరింత గొంతున్న సంగతి పక్కనో నిలబెడితే చాలు. చదువరి దాన్ని చదువుతాడు, మర్చిపోడు కూడా. దానికి విలువ కట్టడు, అంతే.

ఇక నా గురువు సంగతి. మీ మనసులో ఆ నడవాలో కూర్చుని ఉన్నదెవరు? పంచె, పైన బనీను, నెరిసిన మీసమా?

ఆవిడ మా పెద్దమ్మ.

నేను అబద్ధం ఒక్కటి కూడా చెప్పలేదు. సరికదా, రెండు ఆధారాలు మీ ముందే పెట్టాను. బొంబాయి మిల్లుల్లో ఆడవాళ్లు ఎక్కువగా కనిపించింది వైండింగ్, రీలింగ్ ఖాతాల్లోనే. సాంచాల మీద మగవాళ్లు. రాత్రిపాళీ పడకపోవడానికి కారణం అదృష్టం కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఆడవాళ్లకు రాత్రిపని నిషేధించింది. లాల్‌బాగ్, పరేల్, నాయ్‌గావ్ మిల్లు కుటుంబాల్లో పుట్టిన పాఠకురాలెవరైనా ఉంటే మూడో వాక్యం దగ్గరే నవ్వుకుని ఉంటుంది. మిగతావాళ్లకు ఆ రెండు సంగతులూ దారిలో తగిలిన దుర్యోధనులు.

ఇంకో మోసం కూడా చేశాను, అది నాది కాదు, తెలుగుది. ఇంట్లో మేం పెద్దమ్మను ‘వచ్చింది, పోయింది’ అనే అంటాం, చనువు అలాంటిది. ‘చదివేవారు, దిద్దేవారు’ అని రాసింది గౌరవం కొద్దీ కాదు. మన క్రియకు ‘రు’ తగిలించగానే ఆడా మగా తేడా మాయమవుతుంది. మరాఠీలో ఈ పప్పులుడకవు. గౌరవంగా అన్నా మగవారైతే ‘తే ఆలే’, ఆడవారైతే ‘త్యా ఆల్యా’. తన గురించి తాను చెప్పుకున్నా అంతే, ‘మీ ఆలో’ అన్నవాడు మగవాడు, ‘మీ ఆలే’ అన్నది ఆడమనిషి. మనకు ‘నేను వచ్చాను’ అంటే ఎవరైనా కావచ్చు. ఈ పేరాలనే నాయ్‌గావ్‌లో ఒక మరాఠీ మిత్రుడికి చెప్పబోయి రెండో వాక్యంలోనే దొరికిపోయాను. ఆ లెక్కన ఉత్తమ పురుషలో సాగే థ్రిల్లర్‌కు తెలుగు పుట్టిల్లు. ఆ మాటకొస్తే మన ‘ది’ ఇంకా కొంటెది. చీకట్లో తలుపు తోసుకుని ‘వచ్చింది’ అని రాస్తే అది ఇల్లాలు కావచ్చు, పిల్లి కావచ్చు, గాలి కావచ్చు. ‘అత్త’ అన్న ఒక్క మాటలో మేనత్త, మేనమామ భార్య, పెళ్లాం తల్లి ముగ్గురూ దాక్కోగలరు. మన థ్రిల్లర్ రచయితలు ఈ సదుపాయాల్ని వాడుకోవలసినంత వాడుకోలేదనే నా ఫిర్యాదు. ఇంగ్లీషు ప్లాట్లు అరువు తెచ్చుకునే హడావిడిలో ఇంట్లో ఉన్న కత్తిని కూరగాయలకే వాడారు.

తెలుగుకున్న అసలైన ఆయుధం వేరే. అది ఒకే ఒక్క అక్షరం.

‘వాడు వచ్చాడు’ అంటే నేను చూశాను, లేదా నాకు రూఢిగా తెలుసు. ‘వాడు వచ్చాడట’ అంటే ఎవరో అన్నారు, నా పూచీ లేదు. ఈ ‘ట’ చేసే పనికి మరాఠీవాళ్లు ‘మ్హణే’ అన్న మాట వాడతారు. చాళ్ల జీవితం నడిచేదే ఈ రెంటి మీద. నల్లా దగ్గర మొదలైన కబురు మూడో అంతస్తు చేరేసరికి ‘ట’ ఎక్కడో మెట్ల మీద రాలిపోతుంది. ‘ఫలానావాళ్ల అబ్బాయికి ఉద్యోగం పోయిందట’ కింద, ‘ఉద్యోగం పోయింది’ పైన. మధ్యలో ఎవరూ అబద్ధమాడలేదు.

మనసులోనూ అచ్చం ఇదే జరుగుతుంది. కార్ల్ హోవ్లండ్, వాల్టర్ వైస్ 1951లో యేల్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులకు కొన్ని వ్యాసాలిచ్చారు. అణుశక్తితో నడిచే జలాంతర్గామిని ఇప్పుడే నిర్మించవచ్చా అన్నది అందులో ఒకటి. అది చెప్పింది రాబర్ట్ ఓపెన్‌హైమర్ అని సగం మందికి, సోవియట్ పత్రిక ప్రావ్దా అని మిగతా సగానికి చెప్పారు. చదివిన వెంటనే అడిగితే ఓపెన్‌హైమర్ మాటను నమ్మినంతగా ప్రావ్దా మాటను నమ్మలేదు. నాలుగు వారాల తర్వాత మళ్లీ అడిగారు. తేడా పోయింది. సంగతి గుర్తుంది, చెప్పిందెవరన్నది దాన్నుంచి విడిపోయింది. తర్వాతి కాలంలో మార్షా జాన్సన్, ఆమె సహచరులు దీనికో సిద్ధాంతమే కట్టారు. జ్ఞాపకం మీద ‘ఇది ఫలానా చోటి నుంచి వచ్చింది’ అన్న ముద్ర ఏదీ ఉండదట. గుర్తు తెచ్చుకున్న ప్రతిసారీ ఆనవాళ్లను బట్టి మనం ఆ చోటును ఊహించి అతికిస్తామట. (ఈ రెండు ‘ట’లూ కావాలనే పెట్టాను. ఆ ప్రయోగాలు నేను చేసినవి కావు.)

సైకలాజికల్ థ్రిల్లర్ రాసే మనిషికి నాలుగు వారాలు అక్కర్లేదు, నాలుగు పేజీలు చాలు. మొదటి పేజీలో ‘నా భార్య ఆ రాత్రి ఇల్లు వదిలి వెళ్లిపోయింది’ అని కథకుడు చెబుతాడు. ఆ వాక్యాన్ని మనం నిజానికి ‘వెళ్లిపోయిందట’ అని నిలవచేసుకోవాలి. నాలుగు పేజీలు దాటేసరికి అది ‘వెళ్లిపోయింది’ అయి కూర్చుంటుంది. ఆపైన రచయిత దాని మీద అంతస్తులు కడతాడు. ఆమె ఎందుకు వెళ్లింది, ఎవరితో వెళ్లింది, ఎక్కడుంది. మనం ఆ ప్రశ్నల్లో దీపం పట్టుకుని తిరుగుతూ ఉంటాం. చివర్లో ఆమె ఇల్లు కదల్లేదని తేలుతుంది. రచయిత మూడు వందల పేజీల పాటు ఏమీ దాచలేదు. మొదటి పేజీలో రాలిన ఒక్క ‘ట’ను ఏరి చివరి పేజీలో చేతిలో పెట్టాడు, అంతే. అగథా క్రిస్టీ 1926లో ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఏక్రాయిడ్’లో చేసింది ఈ పనే. ఇన్నేళ్లయినా ఆ చివర ఏమిటో ఇక్కడ చెప్పను, పెద్దమ్మ ఒప్పుకోదు.

తొమ్మిదో పేజీ రాతకొద్దాం. అక్కడ ‘చంపింది డాక్టరేనట’ అని ఉంటే నేను ఎవరన్నారని అడిగేవాణ్ణి. ‘చంపింది డాక్టరే’ అనేసరికి ఆ మాట ఎవరో ఒకరు అన్నదన్న ఊహే రాలేదు. అచ్చులో ఉన్నదాన్నయినా రచయిత మాటగా అనుమానించాను గానీ, అంచున పెన్సిల్‌తో ఉన్నదాన్ని సృష్టిలో భాగంగా తీసుకున్నాను. మరి డాక్టరు చచ్చాక కూడా ఎందుకు వదల్లేదు? దీనికీ ప్రయోగముంది. ఒక గోదాము తగలబడిన వార్తను ముక్కలు ముక్కలుగా చదివిస్తారు. అల్మరాలో రంగు డబ్బాలు, గ్యాసు సిలిండర్లు ఉన్నాయని ముందు చెబుతారు. కాసేపటికి, అది పొరపాటు, అల్మరా ఖాళీ అని దిద్దుతారు. దిద్దుబాటు చదివాం, గుర్తుంది అని ఒప్పుకున్నవాళ్లే, పొగ అంత నల్లగా ఎందుకొచ్చిందని అడిగితే రంగుల వల్ల అంటారు. హాలిన్ జాన్సన్, కాలీన్ సైఫర్ట్ 1994లో దీన్ని లోతుగా పరీక్షించారు. కారణం ఇంతే. మనసు కట్టుకున్న కథలోంచి ఒక స్తంభం తీసేసి, బదులు ఇంకోటి ఇవ్వకపోతే, మనసు పాత స్తంభాన్నే తెచ్చి నిలబెట్టుకుంటుంది. కథ లేకుండా ఉండటం కంటే తప్పుడు కథతో ఉండటమే దానికి హాయి.

కామాఠీపురా అన్న పేరు వినగానే, అక్కడి వేశ్యావాడ గుర్తొచ్చి, బయటివాళ్ల కనుబొమలు లేస్తాయి. ఆ పేరు 18వ శతాబ్దం చివరి నుంచి నిజాం రాజ్యం వైపు నుంచి వచ్చి బొంబాయి రోడ్లూ ఇళ్లూ కట్టిన తెలుగు కూలీలదని, ‘కామాఠీలు’ అంటే వాళ్లేనని నేను ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. అందరూ ‘అలాగా!’ అంటారు, నమ్ముతారు కూడా. పది నిమిషాల తర్వాత, మీ చుట్టాలు అక్కడెందుకున్నారని గొంతు తగ్గించి అడుగుతారు. అల్మరా ఖాళీ అని తెలుసు, పొగ మాత్రం రంగులదే.

మంచి థ్రిల్లర్ రచయితకు ఈ మొండితనం తెలుసు. అందుకే పాత కథను కూల్చే ముందు కొత్తదాన్ని సిద్ధం చేసి ఉంచుతాడు. కూలిన క్షణంలోనే రెండోది నిలబడాలి. రెండోది మొదటిదాని కంటే బాగా అతకాలి కూడా. వెనక్కి తిరిగి చూస్తే వైండింగ్ ఖాతా, రాత్రిపాళీ రెండూ తమంతట తామే చోటు మారి కూర్చోవాలి. రెండో కథ ఇవ్వకుండా మొదటిదాన్ని పడగొట్టి చప్పట్లు ఆశించే పుస్తకాలు ఇటీవల ఎక్కువయ్యాయి. ‘అంతా కలే’, ‘అంతా పిచ్చే’ అని తేల్చేవి. దాదర్‌లో ఎక్కి కల్యాణ్‌లో దిగే లోపు అలాంటివి రెండు చదవొచ్చు, రెంటినీ రైల్లోనే మర్చిపోనూవచ్చు.

ముగింపు తెలిశాక మనం చెప్పే మాట ఒకటుంది: నాకు ముందే అనుమానం వచ్చింది. అది కూడా పూర్తిగా నిజం కాదు. బరూక్ ఫిషాఫ్ 1975లో, 1814 నాటి బ్రిటిష్–గూర్ఖా యుద్ధం గురించి కొంతమందికి ఓ పేరా ఇచ్చాడు. ఇంగ్లీషువాళ్లు గెలిచారని కొందరికి, గూర్ఖాలు గెలిచారని కొందరికి, ఎవరూ గెలవలేదని మరికొందరికి చెప్పాడు. ముగింపు తెలీదనుకుని, ఏది జరిగే వీలుందో చెప్పమన్నాడు. ఎవరికి ఏ ముగింపు చెబితే వాళ్లకు అదే మొదటి నుంచీ కనబడుతున్నట్టనిపించింది. తెలిసినదాన్ని తెలీనట్టు ఊహించడం మనసుకు చేతకాని విద్య. వెరా టోబిన్ 2018లో రాసిన పుస్తకంలో, కథల్లోని మలుపులన్నీ ఈ చేతకానితనం మీదే బతుకుతున్నాయని వాదించింది. మలుపు మనల్ని ఏమార్చడానికీ అదే కారణం, ఏమారిన మరుక్షణం ‘అవును కదా, ఇంతే కదా’ అనిపించడానికీ అదే కారణం. ఈ వాదన నాకు బాగా నచ్చింది. మోసపోయామన్న కోపం రాకుండా సంతోషం ఎందుకొస్తుందో అది చెబుతుంది.

మరి ముందే తెలిస్తే? అక్కడ శాస్త్రం కాస్త తడబడింది. జోనథన్ లీవిట్, నికొలస్ క్రిస్టెన్‌ఫెల్డ్ 2011లో కాలిఫోర్నియాలో 12 కథలతో పరీక్షించి, ముగింపు ముందే చెప్పినవాళ్లే ఎక్కువ ఆనందించారని ప్రకటించారు. నాలుగేళ్లకు నెదర్లాండ్స్‌లో మరో జంట చేసిన ప్రయోగంలో ఫలితం తలకిందులైంది. నాకు ఈ తగువులో ఇద్దరూ సగం సగం ఒప్పుగానే కనిపిస్తారు. పద్మశాలీలు తమ మూలపురుషుడిగా చెప్పుకునే మార్కండేయుడి కథ వినని పిల్లలు మా చాళ్లో లేరు. పదహారేళ్లకే ఆయువు తీరాలి, యముడు పాశం విసరాలి, శివుడు రావాలి. వస్తాడని తెలుసు. అయినా లింగాన్ని వాటేసుకున్న పిల్లాడి మెడ మీద పాశం పడ్డప్పుడు నడవా అంతా ఊపిరి బిగబట్టేది. రిచర్డ్ గెరిగ్ 1989లో ఈ వింతను కొలిచి చూపించాడు. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టనే అని తెలిసినవాళ్లకు, ఆయన ఆ పదవి కాదంటాడేమోనన్నట్టు సాగే పేరా చదివించాక అదే సంగతి అడిగితే, ఔననడానికి ఎక్కువసేపు పట్టింది. కథలో ఉన్నంతసేపు తెలిసినది పక్కగదిలో కూర్చుని ఉంటుంది. పిలిస్తే వస్తుంది, ఆలస్యంగా.

అయితే మార్కండేయుడి కథలో చెప్పేవాడి మీద ఎవరికీ అనుమానం లేదు. అందుకే వందోసారి కూడా పనిచేస్తుంది. ‘ట’ రాలడం మీద నిలబడ్డ కథ రెండోసారికి వేరే కథ అవుతుంది. మొదటిసారి భార్య కోసం వెతుకుతాం, రెండోసారి కథకుడి నోటి వంక చూస్తూ ఉంటాం. ఈ రెండో చదువే నాకు ఎక్కువ ఇష్టం. మంచిదో కాదో తేలేదీ అప్పుడే.

1982 జనవరి 18న మిల్లు సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది పని ఆపారు. ఆ సమ్మెను లాంఛనంగా ఎవరూ విరమించనే లేదు, మిల్లులే ఒక్కొక్కటి ఆరిపోయాయి. చాళ్లోంచి కొన్ని కుటుంబాలు భివండి సాంచాలకు పోయాయి, కొన్ని ఊళ్లకు మళ్లాయి. పెద్దమ్మ ఊరికి మళ్లింది. చాలా ఏళ్ల తర్వాత, ఈ పుస్తకం మొదలుపెట్టిన కొత్తలో, దాదర్‌లో రాత్రి రైలెక్కి చూడబోయాను. ఎనభై దగ్గరపడ్డాయి, జుట్టు ముగ్గుబుట్ట, కొప్పు మాత్రం అంతే బిగువు. అరుగు మీద గోడకు చేరగిలబడి, భూతద్దంతో ఏదో వారపత్రిక చదువుతోంది.

“ఇంకా ఆఖరి పేజీ ముందుగాల సూస్తున్నవా?” అంది, నేను చెప్పులిప్పక ముందే.

“ఎప్పుడో మానేశాను పెద్దమ్మా. నువ్విచ్చిన ఆ అట్టలేని పుస్తకంతోనే పోయింది. దాంట్లో తొమ్మిదో పేజీలో పెన్సిల్ రాత ఒకటుండె, యాదున్నదా? అదెవరు రాశారో ఇప్పటికీ…”

“ఎవరో రాసిన్రట బిడ్డా. నాకేమెరుక?”

అని, పాలవాడు వాకిట్లో గంట కొడితే, కొప్పులో దోపుకున్న పెన్సిల్ ముక్క తీసి ఆ పూట లెక్క గోడ మీది చీటీలో వేసుకుంది.